గోడు వేరు, కేసు వేరు

ఇంగ్లండ్‌లో ఉద్యోగ చట్టం కేసులు వాదించే ఒక తెలుగు బారిస్టర్, లండన్ శివార్లలో జరిగిన తెలుగువాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి రాసి పెడుతున్నాం.

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినపడుతోందా అండీ? పిల్లల్ని ఆడుకోనివ్వండి, నాకేం ఇబ్బంది లేదు.

నన్ను పిలిచినవాళ్లు "మీరేం పని చేస్తారో మాకెవరికీ సరిగ్గా తెలీదు, అది చెప్పండి చాలు" అన్నారు. నిజమే. బారిస్టర్ అనగానే మనకు టంగుటూరి ప్రకాశం పంతులు గారు గుర్తొస్తారు. లండన్ వచ్చి బారిస్టరై, మద్రాసులో ప్రాక్టీసు పెట్టి, అంత సంపాదించి, అంతా దేశానికి ధారపోసిన మనిషి. మన దేశంలో 1961లో అడ్వొకేట్స్ చట్టం వచ్చాక బారిస్టరు, వకీలు అనే తేడాలు పోయి అందరూ అడ్వొకేట్లే అయ్యారు. ఇంగ్లండ్‌లో మాత్రం ఆ విభజన ఇప్పటికీ ఉంది. సాలిసిటర్ వేరు, బారిస్టర్ వేరు. మీరు మొదట వెళ్లేది సాలిసిటర్ దగ్గరికి. ఉత్తరాలు రాయడం, కాగితాలు సేకరించడం, అటువైపు వాళ్లతో రోజూ మాట్లాడటం ఆయన పని. విచారణలో నిలబడి వాదించడం, అసలు ఈ కేసు నిలుస్తుందా లేదా అని ముందే తేల్చి చెప్పడం బారిస్టర్ పని. ఈ మధ్య నేరుగా బారిస్టర్ దగ్గరికే వెళ్లే పద్ధతి కూడా వచ్చింది. దాన్ని పబ్లిక్ యాక్సెస్ అంటారు. అయితే అలా వెళ్తే కాగితాల పని చాలావరకు మీరే చూసుకోవాలి. అది ముందే తెలుసుకుని వెళ్లండి.

మేం ఎవరి దగ్గరా ఉద్యోగులం కాదు. చాలామంది బారిస్టర్లు సొంతంగా ప్రాక్టీసు చేసుకుంటూ, కొందరు కలిసి ఒక ఆఫీసు పెట్టుకుంటారు, దాన్ని ఛాంబర్స్ అంటారు. మా డైరీ, మా ఫీజు, ఏ కేసు ఎవరికి వెళ్లాలి, ఇవన్నీ చూసేది క్లర్కులు. ఫీజు గురించి అడగాలంటే క్లర్కుకే ఫోన్ చేయండి, మొహమాటపడకండి. ప్రిపరేషన్‌కీ మొదటి రోజు విచారణకీ కలిపి ఒక మొత్తం, ఆ తర్వాత ప్రతి రోజుకూ విడిగా ఇంత అని ముందే మాట్లాడుకుంటారు. ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక ట్రిబ్యునల్, అంటే ఉద్యోగ తగాదాలు విచారించే చోటు. 1964లో ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్స్‌గా మొదలయ్యాయి ఇవి. 1998లో పేరు మార్చి ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్స్ అన్నారు. సినిమాల్లో చూసే తెల్ల విగ్గులు, నల్ల గౌన్లు ఇక్కడ ఉండవు. సూటు వేసుకుని, కూర్చునే మాట్లాడతాం. విచారణలు మామూలుగా బహిరంగమే, ఎవరైనా వెళ్లి వెనక కూర్చుని చూడొచ్చు. కేసు వేయాలని ఆలోచిస్తున్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మొదటి సలహా ఇదే. ఒక పూట సెలవు పెట్టి వెళ్లి చూడండి. అక్కడ ఏం అడుగుతారో, ఏం అడగరో కళ్లారా చూస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఏం అడగరో అన్నాను కదా. నేను ఇవాళ చెప్పాలనుకున్న అసలు విషయం అదే అండీ.

మనిషి నా దగ్గరికి వచ్చేటప్పుడు ఒక గోడుతో వస్తారు. "పదేళ్లు గొడ్డులా పనిచేశాను, కుక్కని గెంటినట్టు గెంటేశారు." "నా కింద పనిచేసినవాణ్ణి నా నెత్తిన కూర్చోబెట్టారు." "అందరి ముందూ పరువు తీశారు." ఇది అబద్ధమా? కాదు. బాధ నిజం. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం నిజం. కానీ చట్టం అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. ఏ తేదీన? ఎవరన్నారు? ఏ మాట అన్నారు? పక్కన ఎవరున్నారు? మీ స్థానంలో మరొకరు ఉంటే వాళ్లతో కూడా అలాగే ప్రవర్తించేవారా? గోడు వేరు, కేసు వేరు. ఆ గోడులో కేసు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం, లేకపోతే లేదని చెప్పడం, నా వృత్తిలో అసలు పని ఇదే. వాదించడం ఆ తర్వాత.

లేదని చెప్పడం కష్టం. కానీ చెప్పాలి. ఎందుకంటే అన్యాయంగా తీసేయడం గురించి ఇక్కడి చట్టం చాలామంది అనుకునేలా ఉండదు. జడ్జి "నేనైతే ఈయన్ని తీసేసేవాడినా?" అని అడగరు. "బుద్ధి ఉన్న ఏ యజమానైనా ఇలాంటి పరిస్థితిలో తీసేసి ఉండొచ్చా?" అని అడుగుతారు. తేడా గమనించారా? ఒక యజమాని వార్నింగ్‌తో వదిలేయొచ్చు, ఇంకో యజమాని తీసేయొచ్చు. రెండూ సమంజసమే కావచ్చు. రెండోది చేసినంత మాత్రాన మీ యజమాని ఓడిపోడు. నా క్లయింట్లలో చాలామందికి ఇది మింగుడుపడదు.

సరే, పద్ధతి పాటించలేదనుకోండి? ముందుగా పిలిచి మాట్లాడలేదు, నోటీసు ఇవ్వలేదు. అప్పుడు గెలిచినట్టేనా? దానికి 1987లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పట్లో ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఇచ్చిన తీర్పు ఒకటుంది, పోల్కీ కేసు. ఒక వాన్ డ్రైవర్. పిలిచి, నీ పోస్టు లేదు అని చెప్పి, అప్పటికప్పుడే ఇంటికి పంపేశారు. ముందు ఒక్క మాట సంప్రదించలేదు. ఆ తీర్పు చెప్పిందేమిటంటే, "సంప్రదించినా ఫలితం అదే అయ్యేదిలే" అని చెప్పి యజమాని మామూలుగా తప్పించుకోలేడు, పద్ధతి ముఖ్యమే. కానీ పద్ధతి పాటించినా ఉద్యోగం పోయే అవకాశం ఎంత ఉందో లెక్కగట్టి, పరిహారంలో అంత శాతం కోసేయొచ్చు. గెలిచినా చేతికి వచ్చేది తక్కువ కావచ్చు. అందుకే మేం మొదటి రోజే రెండు ప్రశ్నలు వేసుకుంటాం. గెలుస్తామా? గెలిస్తే ఎంత? రెండోది అడగకుండా కేసు వేయకండి.

ఇప్పుడు పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూపిస్తాను. ఇది ఎవరి కేసూ కాదు, మీకు అర్థం కావాలని నేను అల్లిన ఉదాహరణ. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. టీంలో ఐదుగురు, ఒకరిని రిడండెన్సీలో, అంటే పోస్టు తగ్గించి, పంపాలి. మార్కులు వేశారు. మన మనిషికి "ఫ్లెక్సిబిలిటీ" అనే చోట ఐదుకి రెండు. ఆ రెండు మార్కులతోనే ఉద్యోగం పోయింది. ఆయన గోడు ఏమిటి? "నాకు రెండు మార్కులేమిటండీ, నేను శనివారాలు కూడా పనిచేశాను!" నిజమే కావచ్చు. కానీ ట్రిబ్యునల్ మళ్లీ కూర్చుని మార్కులు దిద్దదు. కాబట్టి ఆ దారిలో వెళ్తే లాభం లేదు. మరేం చేస్తాం? బండిల్ తెరుస్తాం. బండిల్ అంటే రెండు పక్షాల కాగితాలన్నీ పేజీ నంబర్లు వేసి కట్టిన కట్ట. నాలుగైదు వందల పేజీలు. మొదట్నుంచి చివరిదాకా తేదీల వరసలో చదువుతాం. 143వ పేజీలో మార్కుల షీటు, మే 14 తేదీతో. 96వ పేజీలో హెచ్‌ఆర్ నుంచి జీతాల విభాగానికి ఒక చిన్న మెయిల్: ఫలానా ఆయనకు చివరి జీతం లెక్క కట్టి పంపండి. ఆ మెయిల్ తేదీ మే 9.

మేనేజర్ సాక్షి కుర్చీలో కూర్చున్నారు. నేను అడుగుతాను: మీరు మార్కులు వేసింది 14న కదా? అవును. అంతకుముందు ఎవరు వెళ్లిపోతారో మీకు తెలీదు? తెలీదు. హెచ్‌ఆర్‌కీ తెలీదు? ఎలా తెలుస్తుంది, మార్కులే వేయలేదు కదా. సరే, 96వ పేజీ తీయండి. తేదీ చదవండి.

అంతే. ఆపేస్తాను. "మరి ఇదెలా జరిగింది?" అని అడగను. అడిగితే ఏదో ఒక వివరణ ఇచ్చే అవకాశం ఆయన చేతికి నేనే ఇచ్చినట్టు. జడ్జి రాసుకుంటున్నారా లేదా అని చూస్తాను. రాసుకోవడం అయ్యేదాకా నోరు విప్పను. ఐదు రోజుల తేడా. ఈ ఐదు రోజుల్ని పట్టుకోవడానికి నాలుగు వందల పేజీలు చదవాలి. మా వృత్తి గురించి ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. మాటకారితనం కాదండీ, చదువుకోవడం.

మీ వైపు సాక్ష్యం గురించి కూడా ఒక మాట. "రేపు ఏం చెప్పాలో నేర్పించండి" అని అడుగుతారు. నేర్పించకూడదు. ఇంగ్లండ్‌లో సాక్షికి జవాబులు నేర్పించడం మా వృత్తి నియమాలకు విరుద్ధం. ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ముందు అడుగుతారు, అర్థం కాకపోతే మళ్లీ అడగమనొచ్చు, ఇంతవరకే చెబుతాం. మనవాళ్లలో నేను చూసే ఒక అలవాటు ఉంది. ప్రశ్న వేసింది పెద్ద లాయరు, గౌరవం ఇవ్వాలి అని తల ఊపేస్తారు. పూర్తిగా వినకుండానే ఎస్, ఎస్ అంటారు. ఆ ఎస్ తీర్పులోకి ఎక్కుతుంది! అడిగింది వినండి, అడిగినంతకే జవాబు చెప్పండి, ఒప్పుకోకపోతే ఒప్పుకోనని మర్యాదగానే చెప్పండి. ఇంగ్లిషులో ఇబ్బంది ఉంటే ముందుగానే రాసి అడగండి, ట్రిబ్యునలే దుబాసీని ఏర్పాటు చేస్తుంది, దానికి మీరు డబ్బు కట్టక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నాను కదా, అడిగితే చిన్నతనం అనుకోకండి. ఆఫీసులో మాట్లాడే ఇంగ్లిషు వేరు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడే ఇంగ్లిషు వేరు.

గడువు. దీని గురించి మూడుసార్లు చెప్పమన్నా చెబుతాను. ఎక్కువ కేసులకు గడువు మూడు నెలలకు ఒక రోజు తక్కువ. మార్చి 10న తీసేస్తే జూన్ 9 ఆఖరు, జూన్ 10 కాదు. ఆ లోపల ఏకాస్ అనే సంస్థకు చెప్పాలి, రాజీ ప్రయత్నం కోసం. ఆ ప్రయత్నం జరిగే రోజుల్లో గడియారం ఆగుతుంది. కానీ, ఇది బాగా వినండి, కంపెనీలో పెట్టుకున్న అప్పీలు వల్ల గడియారం ఆగదు. గ్రీవెన్స్, అంటే కంపెనీకే రాసిచ్చిన ఫిర్యాదు, దానివల్ల కూడా ఆగదు. "హెచ్‌ఆర్ వాళ్లు చూస్తాం అన్నారండీ, వాళ్ల జవాబు వచ్చాక వేద్దామనుకున్నాను" అని నాలుగో నెలలో వస్తారు. అంత మంచి కేసు, కాగితాలన్నీ ఉన్నాయి, సాక్షులున్నారు. గడువు దాటింది. నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఓడిపోయిన కేసు కంటే ఇది ఎక్కువ బాధ. 2025 డిసెంబరులో కొత్త ఉద్యోగ హక్కుల చట్టం వచ్చింది. ఈ గడువును ఆరు నెలలు చేసే నిబంధన అందులో ఉంది. అన్యాయపు తొలగింపు మీద కేసు వేయాలంటే రెండేళ్ల సర్వీసు ఉండాలన్న షరతును ఆరు నెలలకు తగ్గించే నిబంధనా ఉంది. కానీ అన్నీ ఒకే రోజు అమల్లోకి రావు, విడతలుగా వస్తాయి. మీ తేదీకి ఏది వర్తిస్తుందో కనుక్కునేదాకా మూడు నెలలే అనుకుని కదలండి.

వివక్ష కేసులకు రెండేళ్ల షరతు ఎప్పుడూ లేదు. మొదటి రోజు నుంచే హక్కు ఉంది, ఉద్యోగానికి అప్లై చేసినవాళ్లకీ ఉంది. పరిహారానికి పైపరిమితి కూడా లేదు. కులం మాట అడుగుతారని నాకు తెలుసు, ముందు వరుసలో ఆ బాబు ఇందాకే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. 2010 సమానత్వ చట్టంలో కులం అనే మాట నేరుగా చేర్చలేదు. చేర్చే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు, 2018లో ప్రభుత్వం చేర్చబోమని తేల్చింది. మరి రక్షణ లేదా? ఉండొచ్చు. మిల్టన్ కీన్స్‌లో ఒక భారతీయ కుటుంబం ఇంట్లో పనిచేసిన ఆదివాసీ మహిళ కేసు ఉంది. బిహార్ నుంచి తెచ్చుకున్నారు. వారానికి ఏడు రోజులు, రోజుకు పద్దెనిమిది గంటల పని. గంటకు పడింది పదకొండు పెన్నీలు. పడక నేల మీద పరుపు. 2014లో అప్పీలు ట్రిబ్యునల్, చట్టంలో ఉన్న "జాతిమూలం" పరిధిలోకి కులం కూడా రావచ్చు అని చెప్పింది. 2015లో ట్రిబ్యునల్ ఆమె పక్షాన తీర్పు ఇచ్చి, కనీస వేతనం బకాయే 1,83,773 పౌండ్లు కట్టమంది. ఆ మహిళ ఇంగ్లిషు రాని మనిషి. ఆమెకు న్యాయం దొరకడానికి కారణం ఎవరో ఆమెను లాయరు దగ్గరికి చేర్చడం. మన ఇళ్లలో, మన హోటళ్లలో పనిచేసేవాళ్ల గురించి కూడా మనం మాట్లాడుకోవాలి. ఈ హాల్లో ఉద్యోగులే కాదు, యజమానులూ ఉన్నారు కదా.

అన్నట్టు, అదే నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న. "మీరు కంపెనీల తరఫున కూడా వాదిస్తారటగా? మనసెలా ఒప్పుతుంది?" ఒప్పుతుందండీ. ఇక్కడ క్యాబ్ ర్యాంక్ రూల్ అని ఒకటుంది. సాలిసిటర్ ద్వారా వచ్చిన కేసు నా రంగానికి చెందినదైతే, నాకు ఆ రోజు ఖాళీ ఉంటే, తగిన ఫీజు ఇస్తే, "నువ్వు నాకు నచ్చలేదు" అని తిప్పి పంపకూడదు. ఈ రూల్ వల్లే అందరూ అసహ్యించుకునే మనిషికి కూడా లాయరు దొరుకుతారు. పైగా కంపెనీ వైపు కూర్చున్న బారిస్టర్ చేసే మేలు బయటికి కనపడదు. "ఈ కేసులో మీరు ఓడిపోతారు, ఆయనకు డబ్బు కట్టి క్షమాపణ చెప్పండి" అని మూసిన గదిలో చెప్పేది వాళ్ల బారిస్టరే. ఆ మాట నా క్లయింటు వింటే, అటుపక్క మనిషికి ఏడాది నరకం తప్పుతుంది.

ఖర్చు దగ్గరికి వద్దాం. ట్రిబ్యునల్‌లో మామూలుగా ఎవరి ఖర్చు వాళ్లదే, ఓడితే అటువైపు ఖర్చు మీ మీద పడటం అరుదు. కేసు వేయడానికి ఇప్పుడు ఫీజు లేదు. ఒకప్పుడు ఉండేది. 2013లో ఫీజులు పెట్టారు, వివక్ష కేసు విచారణ దాకా వెళ్లాలంటే మొత్తం 1,200 పౌండ్లు. ఉద్యోగం పోయిన మనిషి 1,200 పౌండ్లు ఎక్కడ్నుంచి తెస్తారు? కేసులు అమాంతం పడిపోయాయి. యూనిసన్ అనే కార్మిక సంఘం పోరాడింది. కింది కోర్టుల్లో ఓడింది, మళ్లీ వెళ్లింది. 2017 జులై 26న సుప్రీంకోర్టు ఆ ఫీజుల్ని కొట్టేసింది, కట్టినవాళ్లకు తిరిగి ఇచ్చారు. లార్డ్ రీడ్ రాసిన ఆ తీర్పు చదవండి, మామూలు మనిషికి అర్థమయ్యే ఇంగ్లిషులో ఉంటుంది. కోర్టు అంటే వాడుకున్నవాడికి మాత్రమే అందే సేవ కాదు, ఎవరో ఒకరు వెళ్లగలరన్న నమ్మకం ఉంటేనే వెళ్లని వాళ్ల హక్కులు కూడా నిలుస్తాయి అని అందులో వివరిస్తారు. ఈ రంగంలో ఎందుకున్నావని ఎవరైనా అడిగితే నేను ఆ తీర్పు చూపిస్తాను.

లాయరు ఫీజుకు డబ్బు లేకపోతే? ముందు మీ ఇంటి ఇన్సూరెన్స్ కాగితాలు తీయండి. చాలా పాలసీల్లో లీగల్ ఖర్చుల కవర్ ఉంటుంది, ఉందని మనకే తెలీదు. యూనియన్‌లో ఉంటే వాళ్లను అడగండి. ఫ్రీ రిప్రజెంటేషన్ యూనిట్ అని లండన్‌లో ఉంది, లా విద్యార్థులు, కొత్త లాయర్లు ఉచితంగా వాదిస్తారు. అడ్వొకేట్ అనే సంస్థ ద్వారా బారిస్టర్లు ఉచితంగా కేసులు తీసుకుంటారు. దొరుకుతుందన్న గ్యారంటీ లేదు, అయినా అడగడంలో తప్పు లేదు.

యజమాని స్పాన్సర్ చేసిన వీసా మీద ఉన్నవాళ్లు, ముఖ్యంగా కేర్ హోముల్లో పనిచేసే అమ్మాయిలు, అబ్బాయిలు, ఒక మాట వినండి. "నోరెత్తితే వీసా పోతుంది" అని బెదిరిస్తారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, ఉద్యోగం పోతే మామూలుగా అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాల్సి వస్తుంది, అది నిజం. కానీ వీసా ఇబ్బంది ఉన్నంత మాత్రాన హక్కు పోదు. 2014లో హూంగా కేసులో సుప్రీంకోర్టు, చట్టవిరుద్ధంగా ఇక్కడ పనిచేసిన అమ్మాయి కూడా వివక్ష మీద దావా వేయొచ్చని చెప్పింది. మీకు చట్టబద్ధమైన వీసా ఉంది. జీతం స్లిప్పులు, రోటాలు (డ్యూటీ షెడ్యూళ్లు), ఏజెంటుకు డబ్బు కట్టిన రసీదులు, వాట్సాప్ మెసేజీలు దాచుకోండి. మీ సొంతానికి సంబంధించినవే దాచుకోండి. కంపెనీ రహస్య ఫైళ్లను సొంత మెయిల్‌కు పంపుకుంటే అదే మిమ్మల్ని తీసేయడానికి కారణమవుతుంది. మీ గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం కావాలంటే రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది, మామూలుగా నెల రోజుల్లో ఇవ్వాలి.

డబ్బు తీసుకుని కేసు వేయనని ఒప్పుకునే సెటిల్మెంట్ కాగితం చేతికిస్తే ఆ గదిలోనే సంతకం పెట్టకండి. మీరు స్వతంత్ర సలహాదారుతో మాట్లాడకపోతే ఆ ఒప్పందం మీ చట్టపరమైన హక్కుల్ని వదులుకున్నట్టు కాదు. అందుకే ఆ సలహా ఫీజులో కొంత కంపెనీయే ఇవ్వడం మామూలు. ఇవ్వమని అడగండి.

చివరగా, ఇండియా వెళ్లిపోయేవాళ్ల గురించి. కేసు ఇక్కడ నడుస్తుండగానే వీసా అయిపోయి హైదరాబాదో విజయవాడో వెళ్లిపోతారు. వీడియోలో చెప్పేస్తాంలే అనుకుంటారు. ఆగండి. వేరే దేశంలో కూర్చుని ఈ దేశపు ట్రిబ్యునల్‌కు సాక్ష్యం ఇవ్వాలంటే ఆ దేశానికి అభ్యంతరం లేదని ముందు తేలాలి. దానికి ప్రత్యేకమైన పద్ధతి ఉంది, టైం పడుతుంది. వాదన వినిపించడానికి ఆ ఇబ్బంది లేదు, సాక్ష్యానికే. విచారణకు వారం ముందు ఈ విషయం బయటపడి వాయిదా పడితే మళ్లీ నెలల తరబడి ఆగాలి. కాబట్టి టికెట్ బుక్ చేసుకున్న రోజే మీ లాయరుకు చెప్పండి. లాయరు లేకపోతే మీరే ట్రిబ్యునల్‌కు మెయిల్ పెట్టండి, కేసు నంబరు వేసి, ఏ తేదీన వెళ్తున్నారో, ఏ దేశం నుంచి సాక్ష్యం ఇస్తారో రాసి.

ఇక మీరు అడగండి. మీ కేసు వివరాలు మాత్రం అందరి ముందూ చెప్పకండి, అవి తర్వాత విడిగా మాట్లాడుకుందాం.